సీటు ధర చివరికి రోగి బిల్లులో తేలుతోంది: ఆరోగ్య, ఉన్నత విద్యా శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఆరోగ్య, ఉన్నత విద్యా శాఖల కార్యదర్శులకు, ఫీజుల నియంత్రణ కమిటీలకు, రాష్ట్ర వైద్య మండళ్లకు,

నమస్కారం.

ఈ లేఖలోని సంగతులు మీకు కొత్త కావు. వినతిపత్రాల్లో రాసి ఇచ్చినవే. రసీదు మీద ముద్ర పడింది, ఆ తర్వాత కదలిక లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. మేం వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్లం, వార్డుల్లో డ్యూటీలు చేసేవాళ్లం, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లలో పనిచేసినవాళ్లం. వైద్యులంతా దోచుకుంటున్నారని మేం అనడం లేదు. నిజాయితీగా వైద్యం చేసేవాళ్లు ఈ వ్యవస్థలో నెగ్గుకు రాలేకపోతున్నారని అంటున్నాం.

మా ఫిర్యాదు సారం ఇది. కాలేజీలో సీటుకు కట్టే డబ్బు, ఆస్పత్రిలో రోగి కట్టే బిల్లు ఒకే సమస్య. మీ దగ్గర మాత్రం అవి వేర్వేరు ఫైళ్లు. ఫీజు చూసే కమిటీకి బిల్లుతో పని లేదు, బిల్లు చూడాల్సిన అధికారికి ఫీజుతో పని లేదు. ఆ రెంటి మధ్యా రోగి నలిగిపోతున్నాడు.

1. సీటు లెక్క.

సీటు కోసం నిర్ణీత ఫీజుకు మించి గుంజే సొమ్మును, అంటే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. విద్యాసంస్థ అభివృద్ధికి సరిపడా కొంత మిగులు ఉండొచ్చు గానీ లాభార్జన కుదరదని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజుల కమిటీలు ఆ మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో వచ్చాయి. అంటే నిబంధనలకు కొరత లేదు. అయినా 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ జీవో వెలువడింది. అది అంతకుముందు ఉన్నదానికి ఏడు రెట్లు. హైకోర్టు కొట్టేసిన ఆ జీవో చెల్లదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదని చెప్పింది. అప్పటికి ఐదేళ్లు గడిచాయి. అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఆ ఐదేళ్లూ వడ్డీ కడుతూనే ఉన్నారు.

ప్రైవేటు కళాశాలలో సగం సీట్లు కన్వీనర్ కోటా, 35 శాతం బీ కేటగిరీ (యాజమాన్య కోటా), 15 శాతం సీ కేటగిరీ (ఎన్నారై కోటా). బీ కేటగిరీ ఫీజు ఏడాదికి 12 లక్షలు అనుకుని లెక్క వేద్దాం. ఎంబీబీఎస్‌లో చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు మాత్రం ఐదేళ్లకు అడిగే కళాశాలలు ఉన్నాయి. మొత్తం 60 లక్షలు. అందులో 50 లక్షలు 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చి పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 66 వేల రూపాయలు. చదువుతున్న కాలంలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. కొత్తగా పట్టా పుచ్చుకుని నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరుగా చేరినవాడి జీతం ఆ వాయిదాకే చాలదు. పీజీ యాజమాన్య కోటా ఫీజు ఇంకా ఎక్కువ, క్లినికల్ బ్రాంచిలో ఏడాదికి 20 లక్షలు దాటే చోట్లున్నాయి. ఈ బరువుతో బయటికొచ్చిన డాక్టరుకు ఒక కార్పొరేట్ ఆస్పత్రి నెలకు ఇంత గ్యారంటీ అంటే, షరతులు చదివే ఓపిక ఉండదు.

ఫీజు నిర్ణయంలో లోపం ఎక్కడుందో కూడా చెబుతాం. కళాశాల ఇచ్చే ఆదాయ వ్యయాల పట్టికను బట్టి కమిటీ మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేస్తుంది. ఆ పట్టికలో యాజమాన్యానికే చెందిన మరో సంస్థకు కట్టే అద్దె ఉండొచ్చు, కళాశాలకు ఏనాడూ రాని ప్రొఫెసర్ల జీతాలు ఉండొచ్చు, బంధువుల కంపెనీ నుంచి కొన్న పరికరాలు ఉండొచ్చు. దాన్ని విద్యార్థులకు చూపించరు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. ఇక ఇస్లామిక్ అకాడమీ తీర్పు ప్రకారం ఒకసారికి ఒక ఏడాది ఫీజే తీసుకోవాలి. మిగతా ఏళ్లకు బ్యాంకు గ్యారంటీ అడగొచ్చన్న వెసులుబాటును కొన్ని కళాశాలలు అందరి మీదా రుద్దుతున్నాయి. గ్యారంటీ కావాలంటే బ్యాంకు డిపాజిట్టో ఆస్తి పత్రాలో అడుగుతుంది. పొలం తాకట్టు పడేది అక్కడే.

ప్రైవేటు కళాశాలల్లో సగం సీట్లకు ప్రభుత్వ కళాశాలలతో సమానంగా ఫీజు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి గురించి మీ నుంచి ఒక్క స్పష్టమైన మాట వినాలని ఉంది.

2. అంత ఫీజు కట్టినా చదువు దక్కుతోందా?

2014కు ముందు దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 51 వేల పైచిలుకు. 2024 నాటికి 1.1 లక్షలు దాటాయి. సీట్లు పెరగడం మంచిదే. కానీ సీటుకు తగ్గ రోగులు, సీటుకు తగ్గ గురువులు కావాలి. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కళాశాలకు 605 పడకల ఆస్పత్రి ఉండాలి, పడకల్లో 80 శాతం నిండి ఉండాలి. కొన్ని చోట్ల అవి నిండేది తనిఖీ రోజునే. చుట్టుపక్కల ఊళ్లలో ఉచిత శిబిరం అని బస్సులు పంపుతారు, వచ్చినవాళ్లకు కేస్ షీట్లు తయారవుతాయి, సాయంత్రానికి వార్డు ఖాళీ. పేరుకే ఉన్న ప్రొఫెసర్లను అరికట్టడానికి ఆధార్ ఆధారిత హాజరు పెట్టారు, వేలిముద్ర సరిపోలేదని ముఖ గుర్తింపు తెచ్చారు. అయినా తనిఖీల చుట్టూ నడిచిన లంచాల మీద 2025లో సీబీఐ కేసు పెట్టాల్సి వచ్చింది.

దీని ఫలితం పరీక్ష మార్కుల్లో కనపడదు, ఇంటర్న్‌షిప్‌లో బయటపడుతుంది. ఒక్క కాన్పు కూడా స్వయంగా చేయకుండా, వెన్నులో నీరు తీయకుండా, షాక్‌లో ఉన్న రోగికి సెలైన్ ఎంత వేగంతో పెట్టాలో తెలియకుండా బయటికొచ్చే డాక్టరు ఏం చేస్తాడు? చేత్తో పరీక్షించి చెప్పగలిగిందాన్ని స్కాన్‌తో చూస్తాడు. అనవసర పరీక్షలన్నీ దురాశ వల్లే అనుకుంటే పొరపాటు. సగం భయం వల్ల. ఆ భయాన్ని తయారుచేసింది రోగులు లేని ఆ వార్డులే.

స్టైపెండ్ సంగతి క్లుప్తంగా: ఇంటర్న్ ఖాతాలో వేసినట్టు చూపించి, అదే మొత్తాన్ని నగదుగా వెనక్కి తీసుకోవడం బహిరంగ రహస్యం. మీకు ఒక అనామక సర్వే చాలు, తెలిసిపోతుంది.

3. టార్గెట్ల భాష.

కార్పొరేట్ ఆస్పత్రిలో స్పెషలిస్టుకు మొదటి ఏడాది, రెండేళ్లు 'మినిమమ్ గ్యారంటీ' ఉంటుంది. ఆ తర్వాత జీతం పోయి, తెచ్చిన రాబడిలో వాటా మిగులుతుంది. నెలాఖరు సమీక్షలో అడిగే మొదటి అంకె 'కన్వర్షన్', అంటే ఓపీకి వచ్చినవాళ్లలో ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమందికి ఆపరేషన్ రాశారు అని. తక్కువైతే ఓపీ గది మారుతుంది, కొత్త రోగులు మరొకరికి వెళతారు. ఎవరూ తిట్టరు, వెళ్లగొట్టరు. అంకె చూపిస్తారంతే.

పల్లెలో మొదట చూసేది ఆర్‌ఎంపీ. ఆయన్ను కలవడానికి ఆస్పత్రి పీఆర్వో వస్తాడు. పంపిన ప్రతి కేసుకూ కమీషన్, అడ్మిట్ అయితే ఒక రేటు, ఆపరేషన్ అయితే మరో రేటు. అంబులెన్స్ డ్రైవరుకూ వాటా ఉంటుంది. కాబట్టి గుండెపోటు వచ్చిన మనిషి దగ్గర్లోని ఆస్పత్రి దాటి, ఎక్కువ ఇచ్చే ఆస్పత్రికి చేరతాడు. ఆ దారిలో పోయిన అరగంటలో గుండె కండరం చచ్చిపోతుంది. డయాగ్నస్టిక్ సెంటర్ల వాటా సరేసరి. 2002 వైద్య నైతిక నియమావళి రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ, తీసుకోవడాన్నీ నిషేధించింది. ఆ నియమావళి వర్తించేది వ్యక్తిగా డాక్టరుకే. కమీషన్ ఇచ్చే కంపెనీకి వర్తించదు. పీఆర్వోకు నెల జీతం ఇచ్చే యాజమాన్యం ఏ మండలి ముందూ నిలబడాల్సిన పని లేదు. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే కానుకలను ఖర్చుగా చూపించి పన్ను మినహాయింపు పొందడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అదే కానుక ఆస్పత్రికి డిస్కౌంట్ రూపంలో వెళితే అడిగేవాళ్లు లేరు.

4. బిల్లు. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

2018 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు పరిశీలించింది. కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. అందరూ ఆ అంకెనే గుర్తుపెట్టుకున్నారు. మా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనవి ఇంకో రెండు. ధరల నియంత్రణ ఉన్న మందుల వాటా ఆ బిల్లుల్లో 4 శాతం దగ్గరే ఉంది, నియంత్రణ లేని మందులది 25 శాతం పైన. అంటే జాబితాలో ఉన్న మందు వదిలేసి, దానికి మరొకటి కలిపిన మిశ్రమాన్నో వేరే మందునో రాస్తే నియంత్రణ ఇట్టే తప్పిపోతుంది.

రెండోది గరిష్ఠ చిల్లర ధర. దానికి మించి అమ్మకూడదని చట్టం ఉంది. ఆ ధర ఎంత ముద్రించాలో మాత్రం నియంత్రణలో లేని వస్తువుకు తయారీదారు ఇష్టం. పెద్ద ఆస్పత్రి టోకున లక్ష కాన్యులాలు (నరంలోకి సెలైన్ ఎక్కించే సన్న గొట్టాలు) కొంటూ, 'మీ ధర ఎంత తగ్గిస్తావు' అని అడగదు, 'పెట్టె మీద ఎంత ముద్రిస్తావు' అని అడుగుతుంది. ఎక్కువ ముద్రించినవాడికే ఆర్డరు. పోటీ పెరిగితే ధర తగ్గాలి కదా, ఇక్కడ పెరుగుతుంది. రోగి చేతికి వచ్చిన బిల్లు మాత్రం పూర్తిగా చట్టబద్ధం, ప్రతి వస్తువూ గరిష్ఠ ధరకు లోబడే ఉంటుంది. ఫిర్యాదు చేస్తే తనిఖీ అధికారి కూడా అదే రాసి ఫైలు మూసేస్తాడు.

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టినప్పుడు మందుపూత స్టెంటు సగటున 1.21 లక్షల నుంచి 29,600 రూపాయలకు దిగింది. అదే ఏడాది ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్ల ధరలు కూడా దించారు. కంపెనీలేవీ మూతపడలేదు. ఇన్నాళ్లూ మధ్యలో ఎంత ఉందో తెలిసిందంతే. కానీ కొన్ని చోట్ల ఆ తగ్గుదల రోగిదాకా రాలేదు. బిల్లులో స్టెంటు గడిలో తగ్గిన మొత్తం క్యాథ్ ల్యాబ్ (స్టెంటు వేసే గది) చార్జీలు, బెలూన్, గైడ్‌వైర్, 'ప్రొసీజర్ ఫీజు' గడుల్లోకి మారింది. ఒక వస్తువుకు మాత్రమే కళ్లెం వేస్తే పక్క వస్తువు పరుగెత్తుతుందని అర్థమైంది.

కోవిడ్‌లో జరిగిందీ ఇదే. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రులకు రోజుకు వార్డు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్‌తో 9,000 అని రేట్లు కట్టింది. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, కొన్ని పరీక్షలు ఆ లెక్కలోకి రాలేదు. మినహాయింపుల తలుపు తెరిచి ఉంది కాబట్టి బిల్లులన్నీ ఆ తలుపులోంచే లక్షలు దాటాయి. రేటు కట్టే జీవోలో మొదట చదవాల్సింది మినహాయింపుల పేరా అని మీకు మేం చెప్పక్కర్లేదు.

బిల్లులో మరో చిత్రం, గదిని బట్టి మారే ధర. అదే రక్త పరీక్ష, అదే యంత్రం, అదే టెక్నీషియన్. జనరల్ వార్డు రోగికి ఒక ధర, ప్రత్యేక గది రోగికి మరో ధర. బీమా పాలసీలో గది అద్దె పరిమితి దాటితే మిగతా చార్జీల్లోనూ ఆ నిష్పత్తిలో కోత పడుతుంది, ఆ తేడా రోగి జేబులోంచి పోతుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలకు ఆ కోత వర్తించదని బీమా నియంత్రణ సంస్థ చెప్పింది. ఈ సంగతి డిశ్చార్జి రోజు హడావిడిలో ఉన్న కుటుంబానికి ఎవరు చెబుతారు? నగదు రహిత బీమాలో డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలని కూడా 2024లో నిబంధన వచ్చింది. ఫైలు కదిలేలోపు మరో రోజు గది అద్దె రోగి మీదే పడుతోంది.

5. కాన్పులు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే తీసుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 81.5 శాతం. సహజ కాన్పుకు పన్నెండు గంటలో, పద్దెనిమిదో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్ గంటలో అయిపోతుంది, బిల్లు ఎక్కువ, ఆదివారం రాత్రి మేలుకోనక్కర్లేదు. తెలంగాణలో ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ 44.5 శాతం ఉందని దాచిపెట్టం. ముహూర్తం చూసుకుని కోత అడిగే కుటుంబాలున్నాయనీ ఒప్పుకుంటాం. కానీ మొదటి కోత పడిన తల్లికి రెండోసారి కూడా చాలావరకు కోతే అవుతుంది, మావి గర్భసంచికి అతుక్కుపోయి ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదం కోత కోతకీ పెరుగుతుంది. మొత్తం శాతం చూపిస్తే ప్రతి ఆస్పత్రీ 'మా దగ్గరికి క్లిష్టమైన కేసులే వస్తాయి' అంటుంది. దీనికి జవాబు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసిన రాబ్సన్ వర్గీకరణలో ఉంది. కాన్పులను పది గ్రూపులుగా విడదీస్తారు. మొదటి గ్రూపులో తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండి, నొప్పులు వాటంతట అవే మొదలైనవాళ్లు. ఆ గ్రూపులో ఎంతమందికి కోత పడిందో చూస్తే ఆ సాకు ఇక నిలవదు.

6. ఇతర కోర్సులు.

ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ కళాశాలల్లో ప్రభుత్వం చెల్లించాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో అసలు సర్టిఫికెట్లు ఆపేస్తున్నారు. ప్రభుత్వం కట్టని డబ్బుకు పిల్లల ఉద్యోగాలు పోతున్నాయి. అసలు పత్రాలు ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. నర్సింగ్ విషయంలో దెబ్బ నేరుగా రోగికే: సర్టిఫికెట్ రాని అమ్మాయి తక్కువ జీతానికి రిజిస్ట్రేషన్ లేకుండా ఐసీయూలో డ్యూటీ చేస్తుంది.

మా డిమాండ్లు ఇవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు, ఉన్న అధికారంతో జీవో చాలు.

ఒకటి. ప్రతి ప్రైవేటు వైద్య కళాశాల ఫీజు కమిటీకి ఇచ్చిన పూర్తి ఆదాయ వ్యయాల పట్టికను, కమిటీ నిర్ణయానికి కనీసం 30 రోజుల ముందు వెబ్‌సైటులో పెట్టాలి. యాజమాన్యానికి సంబంధం ఉన్న సంస్థలకు చేసిన చెల్లింపులు విడిగా చూపించాలి. ఫీజు నాలుగున్నరేళ్లకే. అందరి మీదా బ్యాంకు గ్యారంటీ రుద్దడం ఆపాలి.

రెండు. బోధనాస్పత్రుల పడకల వివరాలు రోజూ బయటపెట్టాలి. తనిఖీ రోజు అంకె మాకు అక్కర్లేదు, ఏడాదిలో ఏ మంగళవారమైనా తీసి చూడగలగాలి. స్టైపెండ్ నేరుగా విశ్వవిద్యాలయం ద్వారా చెల్లించి, ఆ మొత్తాన్ని కళాశాల నుంచి రాబట్టాలి.

మూడు. బిల్లుకు ఒకే నమూనా: వస్తువు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, పరిమాణం, ఒక్కోదాని ధర, రాసిన డాక్టరు. 'కన్స్యూమబుల్స్', 'ఇతరములు' అనే మూకుమ్మడి పద్దులు చెల్లవని రాయాలి. ఐసీయూలో వాడిన గ్లవ్స్ జతల సంఖ్యను నర్సుల డ్యూటీ పట్టికతో సరిపోల్చగలిగేలా ఉండాలి. సరిపోల్చితే చాలా బిల్లులు అక్కడే ఆగిపోతాయి.

నాలుగు. ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు కొనే మీ మౌలిక సదుపాయాల సంస్థలు ఏ సిరంజి, ఏ కాన్యులా, ఏ యాంటీబయాటిక్ ఎంతకు కొన్నాయో తెలుగులో జాబితా ప్రకటించాలి. ఈ ఒక్క పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2019లో 42 క్యాన్సర్ మందులకు పెట్టినట్టు 30 శాతం వాణిజ్య మార్జిన్ (మధ్యవారి లాభం) పరిమితిని డిస్పోజబుల్ వస్తువులన్నిటికీ పెట్టమని కేంద్రానికి రాయాలి.

ఐదు. ఆస్పత్రిలోని మందుల షాపులోనే కొనాల్సిన అవసరం లేదని ప్రతి ఫార్మసీ కౌంటరు మీదా తెలుగులో బోర్డు పెట్టించాలి. ఈ విషయంలో విధానం రూపొందించుకోమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకే వదిలింది. ఆ విధానం ఎక్కడుంది?

ఆరు. సేవల ధరల పట్టిక స్థానిక భాషలో కనపడేలా పెట్టాలని 2012 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నుంచి సొంత చట్టమే ఉంది. పట్టిక లేని ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ నిలిపేయాలి. పరీక్షల ధర గదిని బట్టి మారకూడదు.

ఏడు. కమీషన్ ఇచ్చిన యాజమాన్యాన్ని కూడా శిక్షించేలా నిబంధన తేవాలి, అంబులెన్సుల రెఫరల్ రికార్డు పెట్టాలి. నెలకు ఒకసారి ప్రతి ప్రసూతి ఆస్పత్రి రాబ్సన్ గ్రూపుల వారీగా సిజేరియన్ లెక్కలు ప్రకటించాలి.

ఎనిమిది. బిల్లు బాకీ ఉందని రోగిని ఆపడం, మృతదేహాన్ని ఇవ్వకపోవడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగి హక్కుల పత్రానికి విరుద్ధం. రోగి కేస్ షీటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఈ మూడు ఫిర్యాదులకు జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో రాత్రివేళ కూడా పలికే ఫోన్ నంబరు ఉండాలి. మృతదేహం కోసం సోమవారం దాకా ఆగమనడం పరిష్కారం కాదు.

తొమ్మిది. రీయింబర్స్‌మెంట్ బకాయిల షెడ్యూలు తేదీలతో ప్రకటించాలి. ఆలోపు ఏ కళాశాలా సర్టిఫికెట్ ఆపకుండా, ఆపితే అఫిలియేషన్ పునరుద్ధరించకుండా విశ్వవిద్యాలయాలకు ఆదేశాలివ్వాలి.

వీటిలో ఏది చేయగలరో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో 60 రోజుల్లో అంశాలవారీగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. నాలుగో అంశానికి మాత్రం అంత గడువు అక్కర్లేదు. ఆ జాబితా మీ సంస్థల కొనుగోలు ఫైళ్లలో ఇప్పటికే ఉంది.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల్లోని కొందరు వైద్యులు, నర్సులు, వైద్య అధ్యాపకులు, ఆస్పత్రి ఉద్యోగులు